ఓనరుగారి ఊఁ

ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన కొత్తలో మా అత్తయ్య నాకు మొట్టమొదట నేర్పింది ఊఁ కొట్టడం. వంటా వార్పూ ఆ తర్వాతే. ఇదీ ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. పుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో మడత బల్ల దగ్గర కూర్చున్నాక గానీ తెలియలేదు, అది ఎవరికి పడితే వాళ్ళకి అప్పజెప్పే పని కాదని.

మా ఇంటిల్లిపాదీ ఆ ప్రెస్సులోనే పని. మామయ్య బైండింగు హాలుకి మేస్త్రీ. మా ఆయన అదే హాల్లో కటింగు మిషను మీద. అత్తయ్య మడత బల్ల దగ్గర. వేసవి వచ్చిందంటే బడి పుస్తకాల సీజను. పిల్లలు బడిలో అడుగుపెట్టేసరికి పుస్తకాలు చేరిపోవాలి కాబట్టి ఎన్ని చేతులున్నా చాలేవి కావు. అందుకే పెళ్ళి చీర మడత నలగకముందే నన్నూ తీసుకెళ్ళి కాగితాలు మడవమన్నారు.

అచ్చు గదిలోంచి దుప్పట్లంత కాగితాలు వచ్చేవి. ఒక్కోదాన్ని మధ్యకి మడిచి, చెక్క పలకతో నొక్కి, తిప్పి మడిచి, మళ్ళీ తిప్పి మడిస్తే పదహారు పేజీల ఫారం తయారయ్యేది. రోజంతా అదే. రెండు రోజులు పోయేసరికి చేతులు వాటంతటవే కదులుతాయి, నోటికీ బుర్రకీ పనుండదు. ఆ ఖాళీలో అత్తయ్య కథ చెప్పేది. విన్న కథలు కావవి, అప్పటికప్పుడు అల్లేది. ఇంట్లో ఉప్పు అయిపోతే ఆ రోజు కథలో రాణిగారికీ ఉప్పు దొరికేది కాదు.

కానీ ఊఁ పడకపోతే ఆవిడ నోరు కదిలేది కాదు. గోడకి చెప్పినట్టు చెప్పలేనమ్మా, అనేది. ఊఁ కొట్టేవాళ్ళు ఒక్క క్షణం ఏమరితే చాలు, కథ ఠక్కున ఆగేది, బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నన్ను మింగేసేలా చూసేవాళ్ళు. అందులో ఒకావిడ మరీ ఆత్రగత్తె. కథ ఎక్కడున్నా "తర్వాత?" అనేది. అసలు పేరు పోయి ఆవిడకి తర్వాతమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. ఆవిడ 'తర్వాత' తొందరపెడుతుంది, ఊఁ అలా కాదు, నేనిక్కడే ఉన్నాను నువ్వు కానివ్వు అంటుంది. ఆ తేడా నాకు తెలియడానికి వారం పట్టింది. ఆ హాల్లో మైదా జిగురు వాసన, తడి సిరా వాసన, అంత మంది ఆడవాళ్ళ చేతుల కింద కాగితాల గలగల, మధ్యలో నా ఊఁ. ఇప్పుడు మడతలు కూడా మిషన్లే వేసేస్తున్నాయట. వేయనివ్వండి. నా జీవితంలో అంత హాయిగా పనిచేసిన రోజులు మళ్ళీ రాలేదు.

హాయి అన్నాను గానీ, ఆ హాయిలో ఒక ముల్లుంది.

కటింగు మిషనంటే నడుమెత్తు బల్ల, దాని మీద అడ్డంగా మనిషి చేయి పొడుగున్న కత్తి. కుట్టిన పుస్తకాల కట్ట కత్తి కింద పెట్టి, అటూ ఇటూ ఉన్న రెండు పిడులూ రెండు చేతులతో ఒకేసారి నొక్కితే కత్తి దిగుతుంది. రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి కాబట్టి కత్తి కింద చెయ్యి ఉండే ప్రశ్నే లేదు. ఆ మిషను చేసినవాడెవడో బిడ్డల తండ్రి అయ్యుంటాడు.

ఆ సీజనులో పని వెనకబడింది. ఓనరుగారు మామయ్యని పిలిచి, ఎడమ పిడిని తీగతో కిందికి కట్టేయమన్నారు. అలా కడితే కుడిచేత్తో ఒక్క పిడి నొక్కితే చాలు, ఎడమచేత్తో తర్వాతి కట్ట సర్దుకోవచ్చు. పని జోరందుకుంటుంది. మామయ్య కట్టేశాడు. ఆయనకి ఓనరుగారి మాటంటే రాతిమీద గీత. మా ఆయనైతే అంత వేగం తనకి తప్ప ఎవరికీ రాదని పొంగిపోయాడు.

నేను మడత బల్ల దగ్గర కూర్చుంటే మిషను నా కంటికెదురుగా ఉండేది. కత్తి దిగిన ప్రతిసారీ ఆ ఎడమచేయి ఇంకా ఉందా అని చూసుకునేదాన్ని. పెళ్ళైన కొత్త. ఆ చేతులంటే నాకెంత ఇష్టమో చెప్పుకోవడానికి సిగ్గుపడే రోజులు. ఒకనాడు ఇంటికి వస్తూ దారిలో ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, "చెయ్యి ఎప్పుడు తియ్యాలో నా చేతికి తెలుసు, నువ్వు బెంగపడకు" అన్నాడు. ఇక ఉండబట్టలేక అత్తయ్య చెవిన వేశాను. ఆవిడ పప్పు కడుగుతూ విన్నది. కడిగిన పప్పే మళ్ళీ కడిగింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తయ్య కదిపింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, చివరికి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మామయ్య సీజను అయ్యేదాకేగా అన్నాడు. వేరే ప్రెస్సుల్లో అందరూ కట్టే నడుపుతున్నారన్నాడు. మనవాడు నిన్నగాక మొన్న పనిలోకి వచ్చినవాడు కాదన్నాడు. ఆఖరికి విసుగొచ్చి కంచం పక్కకి నెట్టాడు.

"కట్టమన్నది ఆయన. విప్పమనాల్సిందీ ఆయనే. ఆయన్ని ఊఁ అనమను, ఆ క్షణమే కోసేస్తాను."

"ఊఁ అంటే చాలా?" అంది అత్తయ్య.

"చాలు."

"మాట మీద నిలబడతారా?"

"నేనెప్పుడు మాట తప్పాను?" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

అత్తయ్య కూర గిన్నె నా వైపు జరిపి, తినమ్మా, రేపట్నుంచి కొత్త కథ, అంది. ఇంత గొడవలో ఈవిడకి కథలేమిటా అనుకున్నాను. నాకప్పటికి ఆవిడ సంగతి పూర్తిగా తెలియదు.

మర్నాడు మొదలుపెట్టింది. ఒక రాజుగారికి ఒక కోట. ఆ కోట తలుపు పక్కకి తెరుచుకునేది కాదట, పైనుంచి కిందికి దిగేదట. ఏనుగంత బరువు. అటొక తాడు, ఇటొక తాడు, ఇద్దరు కావలివాళ్ళు. ఇద్దరూ ఒకేసారి లాగితేనే తలుపు దిగుతుంది. కింద ఎవరూ లేరని ఇద్దరూ చూసుకోవాలని పాతవాళ్ళు అలా ఏర్పాటు చేశారట. అంతలో శత్రువులు వస్తున్నారని కబురొచ్చింది. రాజుగారు కంగారుపడి, ఇద్దరెందుకు దండగ, ఒక తాడు లాగి స్తంభానికి కట్టేయండి, ఒక్కడు చాలు అన్నారట. మిగిలిన ఆ ఒక్క కావలివాడు కుర్రవాడు. తాడెప్పుడు లాగాలో నా చేతికి తెలుసు అని మీసం తిప్పేవాడట.

ఊఁ, అన్నాను నేను. మిషను దగ్గర మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మామయ్య అటు తిరిగి జిగురు డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

అప్పట్నుంచి రోజుకొకరు ఆ తలుపు కిందకి వచ్చి నిలబడేవాళ్ళు. రాజగురువుగారు శ్లోకం గుర్తురాక సరిగ్గా అక్కడే ఆగాడు, ఉత్తరీయం కొస తెగి అవతల పడింది. కోటలో వంటావిడ బుట్ట దింపుకుంది, ఆవిడ బతికింది, బుట్ట అప్పడమైంది. మంత్రిగారి చెప్పు ఒకటి పోయింది. ప్రతి సాయంత్రం గంట కొట్టే వేళకి ఎవరో ఒకరు తలుపు కింద, తాడు ఆ కుర్రవాడి చేతిలో, అక్కడ ఆపేసేది. తర్వాతమ్మ ఇంటికి పోయినా ముద్ద దిగడం లేదని మొత్తుకునేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి, ఓసారి మిషను వైపు చూసి, నవ్వు ఆపేసేవాళ్ళు. ఆ కోట ఎక్కడుందో ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు.

ఒక్క ఓనరుగారికే తెలియదు. చెడ్డమనిషి కాదాయన. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఆ కళ్ళజోడు కోసమే ఊరంతా వెతికే రకం. పుస్తకాలు వేళకి అందకపోతే మళ్ళీ ఏడాది ఈ పని తనకి రాదని ఆయన దిగులు. మొదట్లో బల్ల దగ్గర మాటలు ఆపించాలని చూశాడు గానీ, కథ సాగిన రోజునే ఫారాలు ఎక్కువ తేలుతున్నాయని కనిపెట్టి గమ్మునుండిపోయాడు. తర్వాత, ఎందుకు తేలుతున్నాయో చూద్దామని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మర్నాడు కాగితాల కట్టలు చూసే నెపంతో ఇంకొంచెం లోపలికి వచ్చాడు. ఆ పై రోజు ఆయన వచ్చే వేళకి అక్కడ ఒక స్టూలు వేసి ఉంది. వేసింది నేను. వేయమన్నది అత్తయ్య.

ఆయన స్టూలు మీద కూర్చుని, ఒక ఫారం చేతిలో పట్టుకుని, తప్పులు చూస్తున్నట్టు పేజీలు తిప్పేవాడు. పాపం, ఫారం తలకిందులుగా ఉండేది. మంత్రిగారి చెప్పు పోయిన రోజున ఆయన భుజాలు కదిలాయి, నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. అత్తయ్య ఆయన వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన పెదాలు మాత్రం ఒకటి రెండుసార్లు నా ఊఁతో పాటు కదలడం నేను చూశాను. అత్తయ్యకి చెబితే, ఇంకా పచ్చిగానే ఉంది, పండనీ, అంది.

ఒక మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది, ఫాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. ఓనరుగారు స్టూలు మీద ముందుకి వంగి కూర్చున్నారు. అత్తయ్య ఆ రోజు తలుపు కిందికి రాజుగారినే తీసుకొచ్చింది.

రాజుగారు తలుపు కింద నిలబడ్డారట. పైకి చూశారట. ఏనుగంత బరువు తన నెత్తిన వేలాడుతోంది. తాడు కుర్రవాడి చేతిలో ఉంది, ఆ చెయ్యి వణుకుతోంది. ఎందుకురా వణుకుతున్నావని అడిగారట రాజుగారు. మహారాజా, పగలనకా రాత్రనకా నేను పడుతున్న భయమే ఇది, ఇవాళ తమకి కనపడింది, అన్నాడట వాడు. ఇన్నాళ్ళూ నా చేతికి అన్నీ తెలుసన్నాను, దానికేం తెలుసు మహారాజా, అది ఉత్త చెయ్యి.

నేను ఊఁ అన్నాను. మా ఆయన మిషను ఆపి ఏదో నూనె వేస్తున్నట్టు వంగి వింటున్నాడు.

"'మహారాజా,' అన్నాడట. 'ఆ రెండో తాడుకి కట్టిన కట్టు కోసెయ్యమంటారా?' అని అడిగాడట" అంది అత్తయ్య.

ఇక్కడ ఊఁ పడాలి. నేను నోరు తెరిచాను. బల్ల కింద అత్తయ్య నా తొడ మీద చురుక్కుమనేలా గిల్లింది. నోరు మూసుకున్నాను. తర్వాతమ్మ కూడా తర్వాత అనలేదు, ఆవిడ కాలు మీద ఎవరి కాలు పడిందో నాకు తెలియదు. అత్తయ్య కథ ఆపి, చేతిలో కాగితం చూసుకుంటూ కూర్చుంది. ఫాను తిరుగుతోంది. ఎవరూ మడవడం లేదు. రాజుగారు అలా తలుపు కిందే ఉండిపోయారు.

"ఊఁ" అన్నారు ఓనరుగారు.

అత్తయ్య చెక్క పలక బల్ల మీద పెట్టింది. తల తిప్పి, ఇంట్లో అన్నానికి పిలిచినంత మామూలుగా పిలిచింది.

"ఏమండీ. ఓనరుగారు ఊఁ అన్నారు."

మామయ్య మిషనుకి అవతల నిలబడి ఉన్నాడు. ఓనరుగారి వైపు చూశాడు. ఓనరుగారు బల్ల చుట్టూ ఉన్న మొహాలు చూశారు, మిషను చూశారు, ఎడమ పిడి మీది తీగ చూశారు. కోట ఎక్కడుందో ఆయనకి అప్పుడు తెలిసింది. మామయ్య జేబులోంచి కటింగ్ ప్లయరు తీసి వంగాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది. ఎడమ పిడి పైకి లేచింది.

"నేను కథకి ఊఁ అన్నానయ్యా" అన్నారు ఓనరుగారు.

"తెలుసండి" అన్నాడు మామయ్య.

తెగిన తీగ ముక్కలు నేలమీంచి ఏరి చెత్తబుట్టలో వేశాడు. ఓనరుగారు తేలు కుట్టిన దొంగలా కాసేపు కూర్చుని, ఫారం స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయారు. మౌనమే అర్ధాంగీకారం అంటారు. ఆయనది నిండు ఊఁ, అదీ హాలంతా విన్న ఊఁ. మళ్ళీ కట్టమనడానికి నోరు రాలేదు.

కానీ ఆ కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. మర్నాడు మామయ్యని మేస్త్రీ పని నుంచి తీసేశారు. ఊఁకీ ఊఁకీ తేడా తెలియనివాడు హాలెలా నడుపుతాడు, వెళ్ళి ఆ కథల దగ్గరే కూర్చోమను, అన్నారట. మేస్త్రీగా తన బావమరిదిని తెచ్చి పెట్టారు. అతనికి ప్రెస్సు గురించి తెలిసింది ఒక్కటే మాట, 'త్వరగా'.

అలా, మేమంతా ఎవరికి భయపడి తలవంచుకుని పనిచేసేవాళ్ళమో ఆ మనిషే వచ్చి మా బల్ల దగ్గర, అత్తయ్యకి ఎదురుగా, ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఇన్నేళ్ళు మడతలకి వంకలు పెట్టిన ఆయనకి సరిగ్గా మడవడం రాదని అప్పుడే బయటపడింది. అంచులు కలిసేవి కావు. పక్కావిడ మాట్లాడకుండా ఆయన ఫారాలు తీసుకుని సరిచేసి కట్టలో పెట్టేది. నాకు ఏడుపొచ్చేది. నా మొగుడి చేతుల కోసం మా మామయ్య పరువు పోయిందే అనిపించేది. ఇంట్లో కూడా ఆయన అందరితోనూ మాట్లాడడం మానేశాడు. కోపమో అవమానమో తెలియదు. అత్తయ్య వడ్డిస్తే తినేవాడు, మంచినీళ్ళు కావాలంటే తనే లేచి తెచ్చుకునేవాడు. ఆవిడ ఒక్కసారి కూడా ఆయన్ని బతిమాలలేదు. కానీ పడుకునే ముందు ఆయన పక్కబట్టలు రెండుసార్లు దులిపేది.

హాల్లో కథ కొన్నాళ్ళు ఆగిపోయింది. తర్వాత అందరూ పట్టుపడితే మళ్ళీ మొదలుపెట్టింది గానీ, ఈసారి రాజులూ లేరు, కోటలూ లేవు. ఒక ముసలమ్మ, ఒక మేక. వాగు అవతల పచ్చగడ్డి. వాగు మీద పుచ్చిపోయిన పలక. మామయ్య ఎదురుగా కూర్చుని, వినడం లేదన్నట్టు, కాగితాలతో కుస్తీ పట్టేవాడు.

సీజను చివరికి వచ్చింది. ఆ రోజు ఆఖరి కట్టలు కోస్తున్నారు. కొత్త మేస్త్రీ మా ఆయన వెనకే నిలబడి త్వరగా త్వరగా అని తరుముతున్నాడు. ఇక్కడ అత్తయ్య చెబుతోంది. మేక పలక దగ్గరికి వచ్చింది. ఊఁ. అటూ ఇటూ చూసింది. ఊఁ. ముందుకాలు ఎత్తి పుచ్చిన పలక మీద పెట్టింది.

అప్పుడే ఫాను గాలికి కట్ట మీది అట్ట ఒకటి లేచి వంకరగా జరిగింది. మా ఆయన కుడిచెయ్యి పిడి నొక్కేసింది. ఎడమచెయ్యి, తీగ కట్టిన రోజుల అలవాటు, అట్ట సర్దడానికి కత్తి కిందికి పోయింది. మణికట్టు దాకా పోయింది. నేను చూశాను. అత్తయ్య చూసింది. కొడుకు వైపు మెడ తిప్పిన మామయ్యా చూశాడు.

కత్తి దిగలేదు. ఎడమ పిడి పైకే ఉంది కదా, దిగలేదు. మా ఆయన అట్ట సర్ది, చెయ్యి వెనక్కి తీసి, రెండు పిడులూ నొక్కాడు. అప్పుడు దిగింది. ఏం జరిగిందో ఆయనకే తెలియదు. వెనకున్న మేస్త్రీకీ తెలియదు. మా ఆయన తర్వాతి కట్ట అందుకున్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. మిషనుకి వీపు పెట్టి కూర్చున్న మిగతావాళ్ళు ఏమీ చూడలేదు, వాళ్ళకి మేక సంగతి కావాలి.

"తర్వాత?" అంది తర్వాతమ్మ.

 నేను అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది.

"అది వాగు దాటలేదు" అన్నాడు మామయ్య.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన తలెత్తలేదు. వంకర మడత ఒకటి విప్పి, మళ్ళీ వేస్తూ మాట్లాడాడు.

"పలక మీద కాలు పెట్టింది. తీసేసింది. వెనక్కి వచ్చేసింది. నాలుగు కాళ్ళూ బాగానే ఉన్నాయి. దానికేం కాలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఇవతల గడ్డే తింది."

నేను పుట్టి బుద్ధెరిగాక అంత చప్పటి కథ వినలేదు. తర్వాతమ్మ మొహం చిన్నబోయింది. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఊరుకున్నారు. అత్తయ్య కొంగు తీసి కళ్ళు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత ఆయన మొహంలోకి చూసింది.

"ఇంకోసారి చెప్పండి" అంది.

మామయ్య మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు.